శివారు దాకా చేరే కబురు



బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర పశ్చిమ డెల్టాకు నీళ్లు వదిలిన సంగతి మా తెనాలిలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఊరి మధ్యగా పోయే మూడు కాలువల్లో ఎర్రనీళ్లు కనబడతాయి. పిల్లలు వంతెనల మీద గుంపుగా చేరతారు. దుగ్గిరాల లాకులు దాటి, తెనాలి దాటి, ఆ నీళ్లు రేపల్లె వైపు, నిజాంపట్నం వైపు, సముద్రం అంచున ఉన్న ఊళ్ల వైపు సాగాలి. ఎగువన నారుమళ్లు పచ్చబడే వేళకు దిగువన నేల ఇంకా నెర్రెలు విచ్చే ఉంటుంది. ఆ దిగువ పొలాలను మా వైపు శివారు భూములంటారు. ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో చదివితే శివారు రైతుకు తృప్తి ఉండదు. తన బోదెలో నీళ్లు పారినప్పుడే వదిలినట్టు లెక్క.

నీళ్లతోపాటు కబురు కూడా చేరాలి. కాలువ నీళ్లు చూసుకునే లస్కరు గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చి, ‘రేపు రాత్రికి మీ వంతు’ అని చెప్పిపోతే రైతు ఆ ప్రకారం నారు పోసుకుంటాడు, మనుషుల్ని మాట్లాడుకుంటాడు. ఆ కబురు ఒకరోజు ఆలస్యమైతే వంతు తప్పుతుంది. వంతు తప్పితే ఊడ్పులు వెనకబడతాయి. నా చిన్నతనంలో లస్కరు రాక కోసం మా నాన్న అరుగు మీద కూర్చుని ఎదురుచూడటం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఈరోజు నేను మాట్లాడే విషయం సమాచార సమాజం. దాన్ని పిల్లలకెలా బోధించాలి, దాని మీద పరిశోధన ఎలా జరగాలి, ఈ విషయంలో పెద్దలు ఏమన్నారు అన్నది. ముప్పై ఏళ్లకు పైగా తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ అనుభవంతో ఒక మాట ముందే చెబుతాను. ఈ చదువు కాలువ తల దగ్గర మొదలుపెడితే సగం సంగతి కనబడదు. శివారులో మొదలుపెట్టి ఎగువకు నడవాలి.

సమాచార సమాజం అనే ఆలోచన మొదట లెక్కల రూపంలో వచ్చింది. 1962లో ఫ్రిట్జ్ మాక్లప్ అనే ఆర్థికవేత్త అమెరికాలో బడులు, పత్రికలు, టెలిఫోన్లు, పరిశోధనశాలలు, అచ్చాఫీసులు అన్నీ కలిపి లెక్కగట్టాడు. జ్ఞానాన్ని తయారుచేసి పంచే పనులు 1958 నాటికే ఆ దేశపు మొత్తం ఉత్పత్తిలో 29 శాతం ఉన్నాయన్నాడు. 1973లో డేనియల్ బెల్, పొలం కాలం, కార్ఖానా కాలం అయ్యాక చదువూ సేవలూ ముందుండి నడిపే కాలం వస్తోందని పుస్తకం రాశాడు. 1996లో మాన్యుయెల్ కాస్టెల్స్ ఈ కాలాన్ని నెట్‌వర్క్ సమాజం అన్నాడు. 2003లో జెనీవాలో, 2005లో ట్యూనిస్‌లో దేశదేశాల ప్రభుత్వాలు సమావేశమై పల్లెపల్లెకూ ఈ సౌకర్యాలు అందాలని తీర్మానించుకున్నాయి.

వీరందరి తర్వాత నాకు ఎక్కువ దగ్గరైన పరిశోధకుడు ఫ్రాంక్ వెబ్‌స్టర్. 1995లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఓపిగ్గా ఒక్కొక్క వాదాన్నీ విప్పి చూశాడు. యంత్రాలు పెరిగాయంటున్నారు, ఆదాయం పెరిగిందంటున్నారు, ఉద్యోగాలు మారాయంటున్నారు, దూరాలు తగ్గాయంటున్నారు, మన చుట్టూ బొమ్మలూ మాటలూ నిండిపోయాయంటున్నారు. ఇవన్నీ ఎంత అనేదానికి జవాబులు. ఎలాంటి సమాచారం, ఎవరి కోసం, దేనికి అనే ప్రశ్నలకు వీటిలో జవాబు లేదన్నాడు. ఈ మాట ఆయన ఇంగ్లండులో కూర్చుని రాశాడు గానీ, రేపల్లె శివారు రైతు చెప్పినట్టే ఉంది నాకు. క్యూసెక్కుల లెక్క చూసి మడి తడిసిందని ఎవరనగలరు?

ఇక మన దేశంలో జరిగిన ఒక పరిశోధన. రేడియోలో మాట్లాడుతూ దీన్ని చెప్పకపోతే తప్పవుతుంది. 1956లో యునెస్కో సాయంతో ఆకాశవాణి పూణే చుట్టుపక్కల 150 ఊళ్లలో రేడియో గ్రామీణ గోష్ఠులు నడిపింది. ఒక్కో ఊళ్లో ఇరవై మంది దాకా ఒకచోట చేరేవారు. ప్రసారం వినేవారు. విన్నాక సెట్టు కట్టేసి మాట్లాడుకునేవారు. వచ్చిన సందేహాలూ తీసుకున్న నిర్ణయాలూ రాసి కేంద్రానికి పంపేవారు. టాటా సామాజిక విజ్ఞాన సంస్థ తరఫున పాల్ న్యూరాత్ అనే ఆచార్యుడు దీన్ని పరిశీలించాడు. గోష్ఠి ఉన్న ఊళ్లను, రేడియో ఉండీ గోష్ఠి లేని ఊళ్లతోనూ, రేడియోయే లేని ఊళ్లతోనూ పోల్చి చూశాడు. గోష్ఠి ఉన్న ఊళ్లలో తెలివిడి బాగా పెరిగింది. రేడియో సెట్టు మాత్రమే ఉన్న ఊళ్లలో అంత పెరగలేదు. అంటే ఫలితం పెట్టె ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. విన్నదాని మీద నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడం వల్ల వచ్చింది.

మా ఊళ్లో పంచాయతీ రేడియో ఉండేది. వేపచెట్టు కొమ్మకు లౌడు స్పీకరు కట్టి ఉండేది. సాయంత్రం వ్యవసాయదారుల కార్యక్రమం వచ్చే వేళకు చుట్టలు వెలిగించుకుని పెద్దవాళ్లు చేరేవారు. బెజవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది కనుక, నా వయసు వాళ్లకు అది ఇంటి పెద్దలాంటిది. రేడియోలో ఏదో పురుగుమందు గురించి చెబితే ఒకాయన లేచి, ‘మన నల్లరేగడికి ఆ మోతాదు సరిపోదర్రా’ అనేవాడు. మరొకాయన కాదనేవాడు. ప్రసారం పావుగంటే. వాదన రాత్రి భోజనాల దాకా సాగేది. ఆ వాదనలో ఎంత శాస్త్రం ఉండేదో పెద్దయ్యాక పూణే పరిశోధన గురించి చదివినప్పుడు నాకు అర్థమైంది.

మా ప్రాంతంలో సమాచార సమాజం పాఠం మొదలుపెట్టాలంటే నేను కంప్యూటరు దగ్గర మొదలుపెట్టను. ఒక పడవ దగ్గర మొదలుపెడతాను.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అక్కణ్ణుంచి గ్రంథాలయోద్యమం ఊరూరా పాకింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలిసింది. 1929లో గాంధీజీ దాని భవనానికి పునాదిరాయి వేశారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఇవాళ్టికీ ఆ ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. నేనూ ఆ బల్లల దగ్గర రోజుల తరబడి కూర్చున్నాను. పాత పత్రికను పక్కనుంచి అందించే మనిషికి ఏ సంపుటం ఏ బీరువాలో ఉందో చూడకుండానే తెలుసు. అలాంటి మనిషి తలలో ఉన్న సూచిక ఏ కంప్యూటరులోకీ ఎక్కలేదు.

భవనం ఉన్న ఊరి మాట సరే. భవనం లేని ఊళ్ల మాటేమిటి? దుగ్గిరాల దగ్గర పెదపాలెం వారు పాతూరి నాగభూషణం గారికి ఆ చింత పట్టుకుంది. డెల్టాలో అప్పటికి ఎద్దుబండ్ల బాటలే. వానాకాలమైతే నల్లమట్టిలో బండి చక్రం కూరుకుపోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నడిచే దారి కాలువే. ధాన్యమూ పసుపూ గడ్డీ మనుషులూ అన్నీ పడవల్లోనే పోయేవి. పుస్తకాలు మాత్రం ఎందుకు పోకూడదనుకున్నారాయన. 1935లో పుస్తకాల పడవ నడిపారు. పడవ రేవుకు రాగానే ఊరివాళ్లు వచ్చి చదివిన పుస్తకం తిరిగిచ్చి మరొకటి పట్టుకుపోయే ఏర్పాటు. పుస్తకం కోసం మనిషి నడవనక్కర్లేకుండా పుస్తకమే మనిషి ఉన్న రేవుకు నడిచి వచ్చింది.

అంతకు నాలుగేళ్ల ముందే, 1931లో, మద్రాసులో ఎస్. ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలు రాసి అచ్చువేశారు. పుస్తకం దాచుకోవడానికి కాదు, వాడుకోవడానికి అన్నది ఆ సూత్రాలకు మూలం. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు, చదివేవాడి కాలం వృథా కాకూడదు అని ఆయన ఆలోచన సాగింది. గ్రంథాలయ కళాశాలల్లో ఇవాళ్టికీ వీటిని బోధిస్తారు. మా పిల్లలకు ఈ సూత్రాలు చెప్పేటప్పుడు నేను పడవ కథ చెప్పేవాణ్ణి. తరగతిలో చప్పుడు ఆగిపోయేది. వాళ్లు రోజూ దాటి వచ్చే కాలువ మీద అలాంటిదొకటి జరిగిందని ఏ పాఠ్యపుస్తకమూ వాళ్లకు చెప్పలేదు మరి. ఇది నాకు ఇప్పటికీ బాధే. సమాచార సమాజం ఎక్కడో అమెరికాలో పుట్టి, వైరు గుండా మనదాకా వచ్చిందని పిల్లలు అనుకుంటున్నారు. వాళ్ల ముత్తాతలు ఆ పడవ కోసం గట్టు మీద నిలబడి ఉండవచ్చునని వాళ్లకు తెలియదు.

బాపట్ల దగ్గరకొద్దాం. 1945లో అక్కడ వ్యవసాయ కళాశాల పెట్టారు. అక్కడి పరిశోధన నుంచి వచ్చిన వరి వంగడం బీపీటీ 5204. పేరులోని ఆ మూడక్షరాలు బాపట్లవే. 1986లో విడుదలైంది. దాని వాడుక పేరు సాంబ మసూరి. ఆ పేరు గుర్తుపట్టని తెలుగింటి వంటగది ఉండదు. సన్నబియ్యానికి అదే కొలత అయిపోయింది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో లక్షల ఎకరాల్లో పండింది.

ఈ గింజ కథలో సమాచార శాస్త్రానికి పెద్ద పాఠం ఉంది. శాస్త్రవేత్త నుంచి రైతుకు, ప్రయోగశాల నుంచి పొలానికి అని విస్తరణ శాస్త్రంలో బోధిస్తాం. ఆ దారిన పోయింది కొంత. మిగతాదంతా రైతు నుంచి రైతుకు, వియ్యంకుడి నుంచి వియ్యంకుడికి, మిల్లు దగ్గర మాట్లాడుకున్న మాటగా పోయింది. ఈ రకానికి అగ్గితెగులు వస్తుంది, ఎండాకు తెగులు వస్తుంది, గాలివానకు పడిపోతుంది, పంటకాలం ఎక్కువ. ఇవన్నీ రైతులకు తెలుసు. తెలిసీ వదల్లేదు. అన్నం రుచీ, మిల్లులో వచ్చే ధరా వాళ్ల లెక్కలో బరువెక్కువ తూగాయి. రైతుకు చెప్పినా వినడంలేదు అని విసుక్కునే బదులు ఆ వినకపోవడంలో ఉన్న కబురును చదివినవాళ్లు హైదరాబాదులో ఉన్నారు. అక్కడి వరి పరిశోధన సంస్థ, కణ జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ కలిసి, అదే సాంబ మసూరిలోకి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను తెచ్చి 2008లో మెరుగుపరిచిన రకాన్ని విడుదల చేశాయి. గింజ మార్చలేదు, బియ్యం మార్చలేదు, రోగాన్ని తట్టుకునే శక్తి ఇచ్చారు. రైతు ఏది వదులుకోనన్నాడో దాన్ని అలాగే ఉంచారు. సమాచారం ఎదురు ప్రవాహంలో పోయి పనిచేయడమంటే నా దృష్టిలో ఇదే.

ఈ వరసలోనే మరొక ప్రయోగం. 2004లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో పి. కృష్ణారెడ్డి గారి బృందం ‘ఈ-సాగు’ మొదలుపెట్టింది. వరంగల్ జిల్లాలో మూడు ఊళ్లు ఎంచుకుని, వెయ్యికి పైగా పత్తిచేలు తీసుకున్నారు. ఊళ్లో కాస్త చదువుకున్న అనుభవజ్ఞుడైన మనిషిని సమన్వయకర్తగా పెట్టారు. అతను వారం వారం చేనుకు వెళ్లి, ఆకును, పురుగును, మొక్కను ఫోటోలు తీసేవాడు. ఇంటర్నెట్ వేగం చాలక ఆ ఫోటోలు సీడీల్లో కొరియరులో హైదరాబాదు వెళ్లేవి. నిపుణులు చూసి ఆ చేనుకు, ఆ వారానికి ఏంచేయాలో రాసి పంపేవారు. రైతు అడిగేదాకా ఆగకుండా, ఆ రైతుకే, ఆ చేనుకే చెప్పడం దాని ప్రత్యేకత. నాకు ఇందులో నచ్చింది కెమెరా మాట అటుంచి, చేను దాకా నడిచి వెళ్లే ఆ మనిషి. కాలువకు లస్కరు, పుస్తకానికి పడవ, పత్తిచేనుకు ఈ సమన్వయకర్త. ఎక్కడ సమాచారం శివారు దాకా చేరిందో అక్కడ మధ్యలో ఒక మనిషి తప్పకుండా ఉన్నాడు. పరిశోధకులు యంత్రం గురించి వంద పేజీలు రాసి, ఈ మనిషికి ఒక పేరా ఇస్తారు. ఆ పేరాయే వంద పేజీలు కావాలి.

ఇక రేపల్లె మాట. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో రైలు వచ్చింది. ఆ పట్టాలు రేపల్లెలో ఆగిపోతాయి. అక్కణ్ణుంచి ముందుకు వెళ్లాలంటే రోడ్డు. ఆ రోడ్డు నిజాంపట్నం హార్బరులో, సముద్రం అంచున ఆగుతుంది. మా ప్రాంతానికి ఇదే అసలైన శివారు.

1977 నవంబర్ 19 గురించి ఈ తీరంలో వయసైనవాళ్లకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు. చిన్నవాళ్ల కోసం చెబుతాను. ఆనాటి తుపాను నిజాంపట్నం సమీపాన తీరం దాటింది. కానీ ఉప్పెన దివిసీమను ముంచింది. పదివేలమంది దాకా పోయారు. తీరం దాటింది ఒకచోటైతే ముంచింది మరొకచోటెందుకు? మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతాయి. తుపాను నేలమీదికి వచ్చేటప్పుడు దాని కుడివైపు గాలి సముద్రాన్ని నేలమీదికి నెడుతుంది. ఎడమవైపు గాలి సముద్రంలోకి నెడుతుంది. మన తీరానికి కుడి అంటే కృష్ణ అవతలి ఒడ్డు, దివి. కాబట్టి ఫలానా చోట తీరం దాటుతుంది అన్న ఒక్క వాక్యం విన్న మనిషి, తన ఊరు ఆ చోటికి దూరంగా ఉందని నిశ్చింతగా పడుకుంటే ప్రాణం పోతుంది. వాక్యం నిజమే. అందులో ఉన్న సమాచారమూ నిజమే. వినేవాడికి దాని అర్థం చేరలేదు. సమాచార సమాజం పాఠంలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు. ఎప్పుడు చెప్పినా గొంతు పట్టేస్తుంది.

1990 మే 9న మళ్లీ అంతటి తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి హెచ్చరికలు ముందుగా చేరాయి. లక్షకు పైగా జనాన్ని లోపలికి తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యికి లోపే. వెయ్యి చిన్న సంఖ్య కాదు, కానీ 1977తో పోల్చుకోండి. పదమూడేళ్లలో గాలి బలం తగ్గలేదు, కబురు బలం పెరిగింది. ఇక 2023 డిసెంబర్ 5న బాపట్లకు దక్షిణంగా మిచాంగ్ తీరం దాటింది. అది వాటంత తీవ్రమైనది కాదు. రోజుల ముందే ప్రతి సెల్‌ఫోనులోనూ దాని దారి కనబడింది. మనుషులు జాగ్రత్తపడ్డారు. కోతకొచ్చిన వరి మాత్రం నీళ్లలో పడింది. కోత మిషను దొరకని రైతుకు, కుప్ప మీద కప్పడానికి పట్టలు చాలని కౌలుదారుకు తుపాను వస్తోందన్న కబురు అందింది. దాంతో చేయగలిగింది మాత్రం ఏమీ లేకపోయింది. కబురు అందితే చాలనుకునే పరిశోధన ఇక్కడే ఆగిపోతుంది. అందిన కబురుతో ఆ మనిషి ఏంచేయగలడు, చేయడానికి చేతిలో ఏముంది అన్నది లెక్కలోకి రావాలి.

చేపల సంగతిలో ఇదే గొడవ పండితుల మధ్య నడిచింది. 2007లో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త కేరళ మత్స్యకారుల మీద రాసిన వ్యాసం ప్రపంచమంతా తిరిగింది. 1997 తర్వాత అక్కడ సెల్‌ఫోన్లు వచ్చాక, మత్స్యకారులు సముద్రం మీదనుంచే ఏ రేవులో ధర బాగుందో కనుక్కుని అక్కడికి పడవ తిప్పారని, రేవుకూ రేవుకూ ధరల తేడా తగ్గిందని, చేప పారబోయడం ఆగిందని అంకెలతో చూపించాడు. చాలా అందమైన పరిశోధన. తర్వాత 2013లో జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అదే కేరళ తీరానికి వెళ్లి, మత్స్యకారులతో కూర్చుని మాట్లాడారు. ఫోను ఉన్న ప్రతివాడూ పడవ తిప్పలేడని గమనించారు. పడవ ఏ రకందో చూడాలి, వేలంపాటదారుతో అప్పు బంధం ఎలాంటిదో చూడాలి అన్నారు. రెండూ చదివితేనే చదువు. ఒకటి కాలువలో నీటి మట్టం కొలిచింది, రెండోది తూము తాళం ఎవరి దగ్గరుందో అడిగింది. పెట్టుబడికి బాకీ ఉన్న తండేలు, అంటే పడవ పెద్ద, తన చేపను తనకు నచ్చిన రేవులో అమ్ముకోలేకపోతే, చేతిలోని ఫోను ధర చూపిస్తుందే తప్ప ధర ఇప్పించదు. ఈ ప్రశ్నను మన నిజాంపట్నంలో, మన పిల్లలు, మన తెలుగులో అడగాలని నా కోరిక.

అడగడానికి సామగ్రి కూడా ఉంది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాల నుంచి సముద్రపు పైపొర ఉష్ణోగ్రతను, నీటిలోని పచ్చదనాన్ని చూసి, చేపలు ఎక్కడ గుమికూడవచ్చో చెబుతుంది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కుగా, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతులో అని తెలుగులో కూడా ఇస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం రోజులు పోను, వేటకు వెళ్లేవాళ్లకు ఇది నూనె ఖర్చు తగ్గించే కబురు. లోతు మీటర్లలో వస్తుంది. తండేలు బారల్లో లెక్కపెడతాడు. మీటర్లను బారల్లోకి మార్చేది ఎవరు? చదువుకున్న కొడుకా, హార్బరు దగ్గర టీ కొట్టువాడా? ఆ మార్పిడి జరిగే చోటే మన పరిశోధనాంశం ఉంది.

ఇప్పుడు తరగతి గదికి వస్తాను. నేను రిటైరయ్యే ముందు సంవత్సరం ఒక పిల్లవాడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. మందలిస్తే, ‘మా నాయనమ్మకు ఓటీపీ చెప్పి వస్తున్నా మాస్టారూ’ అన్నాడు. ఆవిడ ఫోను చిన్నది, అక్షరాలు కనబడవు. ఏ కౌంటరు దగ్గరికి వెళ్లినా నంబరు అడుగుతారు. నంబరు వచ్చేది ఫోనులో, చదివేది మనవడు. తెల్లారితే వీధిలో మరో ముగ్గురు ముసలివాళ్లు వాడి కోసం కూర్చుంటారు. ఆ మాట విన్నాక వాణ్ణి మందలించడం మానేసి, వాడు చేసే పనిని తరగతికి పాఠంగా చెప్పించాను. బోర్డు దగ్గర నిలబడి చెప్పాడు: నంబరు ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు, నాయనమ్మ తన మీద పెట్టిన నమ్మకం ఎలాంటిది, తను ఊళ్లో లేని రోజు ఆవిడ ఏంచేస్తుంది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఆ నాయనమ్మ ఫోను కంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి తెచ్చింది. ధ్రువపత్రం కోసం బస్సెక్కి వెళ్లే రోజు కూలి మిగలడం గొప్ప మేలు. అందులో నాకు సందేహం లేదు. ఆ మేలు ఎవరి వేళ్ల ద్వారా అందుతోందో కూడా మనం చదవాలి. మనవడి వేళ్లా, మీ సేవ కుర్రవాడి వేళ్లా, లేక ఆ అమ్మ సొంత వేళ్లా? పైకి చూస్తే మూడింటిలోనూ పని అయినట్టే లెక్క. ఆ అమ్మ బతుకులో మూడూ ఒకటి కావు.

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం 1976 నుంచి మన గడప దగ్గరే ఉంది. బాపట్ల వ్యవసాయ విద్యార్థులు చివరి ఏడాదిలో పల్లెల్లో ఉండి పని నేర్చుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆ పద్ధతిని ఒక్క వ్యవసాయ విద్యకే వదిలేయకుండా, కంప్యూటరు చదివే పిల్లలకూ, జర్నలిజం, గ్రంథాలయ శాస్త్రం చదివేవాళ్లకూ పెట్టాలని నేనెప్పటినుంచో అడుగుతున్నాను. తెనాలి నుంచి రేపల్లె దాకా ఆ రైల్లో తిరిగినా చాలు. ఒక పరిశోధన ఇంగ్లీషులో మొదలై ఇంగ్లీషులోనే ముగిసిపోతే, ఎవరి బతుకు మీద రాశామో వాళ్లకు ఆ కాగితం చేరదు. రాసింది తెలుగులో, ఆ ఊరి అరుగు మీద చదివి వినిపించి, తప్పులు వాళ్ల చేత దిద్దించుకున్నాకే మార్కులు వేయాలి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలై, ఉత్సాహవంతుల చేతుల మీదుగా మన పల్లెల పేర్లను కూడా పేజీలకెక్కించింది. మీ ఊరి పేజీ తెరిచి చూడండి. కాలువ పేరు, రేవు పేరు, పాత గ్రంథాలయం మాట అందులో లేకపోతే అది మీ తరగతికి మొదటి అభ్యాసం.

నేను చివరిసారి ఇచ్చిన అభ్యాసం ఇది. ఒక కబురును పట్టుకుని, అది పుట్టిన చోటి నుంచి మీ ఇంట్లో ఆఖరి మనిషి దాకా ఎవరెవరి చేతులు మారిందో నోటుబుక్కులో రాయమన్నాను. కొందరు పాల ధర రాశారు. ఒకరు కాలువ వంతు రాశారు. నిజాంపట్నం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి చేపల కబురు రాసింది. ఉపగ్రహం, హైదరాబాదు, హార్బరు, అన్నయ్య ఫోను, చివరికి తాత. తాత తండేలు. మీటర్లను బారలు చేసి, నీళ్ల రంగు చూసి, గాలి చూసి, ఆ కబురును కొన్నాళ్లు నమ్మాడు, కొన్నాళ్లు నమ్మలేదు. నమ్మిన రోజు ఎందుకు నమ్మాడో, నమ్మని రోజు ఎందుకు నమ్మలేదో ఆ పిల్ల ఓపిగ్గా అడిగి రాసింది. ఆఖర్న తాత తనను అడిగిన ప్రశ్న కూడా రాసింది: ‘నీళ్ల రంగు చూసి నేను చెప్పేది కూడా ఆళ్లు రాసుకుంటారా, అమ్మాయ్?’

ఆ ప్రశ్న కింద రెండు పేజీలు ఖాళీగా వదిలి నోటుబుక్కు నాకిచ్చింది. ఇదేమిటమ్మా, పూర్తి చేయలేదేం అని అడిగాను. జవాబు తెలిశాక రాస్తాను సార్, అంది.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది.